ఫిట్‌నెస్‌కి ఏ సైకిలు, టూర్లకి ఏ సైకిలు? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సైకిలు కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది బ్రాండు. తర్వాత గేర్లు ఎన్ని, ఆ తర్వాత డిస్క్ బ్రేకులున్నాయా లేవా. ఈ మూడూ తెలుసుకున్నా సరైన సైకిలు దొరుకుతుందన్న నమ్మకం లేదు. టైరు ఎంత వెడల్పు, ఉన్న గేర్లలో అన్నిటికన్నా తేలికది ఎంత తేలిక, ట్యూబు పోతే మీ మండల కేంద్రంలో దొరుకుతుందా? వీటికి జవాబులు తెలుసుకుని షాపుకి వెళ్లండి. కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే రాశాను.

ఇన్ని వివరాలు వద్దు మాస్టారూ, ఒక్క ముక్కలో ఏది కొనమంటారు?

ముందు స్ప్రింగు షాకులు లేని హైబ్రిడ్, అంటే తిన్నటి హ్యాండిల్, ఓ మోస్తరు టైర్లు ఉన్న సైకిలు. చక్రం 700 సైజు, టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, వెనక క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేముకి బోల్టు రంధ్రాలు. పొద్దున్నే గంటసేపు తొక్కి డ్యూటీకి వెళ్లేవాళ్లకి, ఆదివారం కళింగపట్నం దాకా పోయి రావాలనుకునేవాళ్లకి, ఏడాదికోసారి రెండు మూడు రోజుల టూరు పెట్టుకునేవాళ్లకి ఇదొక్కటే సరిపోతుంది. మిగతా రకాలు ఫలానా అవసరం ఉందని మీకే గట్టిగా తెలిసినప్పుడు కొనేవి.

హైబ్రిడ్, రోడ్ బైక్, ఎంటీబీ, గ్రావెల్, టూరింగ్... షాపువాళ్లు ఏవేవో అంటున్నారు. అసలు తేడా ఏమిటి?

కూర్చునే తీరు, టైరు, మోయగల బరువు. తేడా అంతా ఇక్కడే.

రోడ్ బైక్‌కి హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైరు 25 నుంచి 32 మిల్లీమీటర్లు, మామూలు ధరలో వచ్చేవాటి బరువు 9 నుంచి 11 కిలోలు. ముందుకి వంగి తొక్కుతాం కాబట్టి ఒంటికి గాలి తక్కువ తగులుతుంది, వేగం వస్తుంది. నున్నటి తారు ఉన్నంతసేపూ దీన్ని మించింది లేదు. రోడ్డు పని జరుగుతూ కంకర పరిచిన చోట మాత్రం దిగి నడిపించుకోవాల్సిందే. నడుము, మెడ అలవాటు పడటానికి కూడా కొన్ని వారాలు పడుతుంది.

హైబ్రిడ్‌కి చక్రాలు రోడ్ బైక్ సైజువే, టైర్లు కాస్త లావు, హ్యాండిల్ తిన్నగా ఉంటుంది. బరువు 12 నుంచి 14 కిలోలు. నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఎదురుగా వచ్చే ఆటో, పక్కనుంచి దూకే కుక్క, రెండూ బాగా కనిపిస్తాయి.

ఎంటీబీ అంటే కొండదారి సైకిలు. రెండంగుళాల గరుకు టైర్లు, ముందు షాకులు, 14 నుంచి 17 కిలోల బరువు. గ్రావెల్ బైక్ అంటే రోడ్ బైక్ హ్యాండిల్‌తో 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైర్లున్నది. తారు మీదా మట్టి మీదా రెండు చోట్లా బాగుంటుంది కానీ ధర దగ్గర ఆగిపోతాం.

ఇక అసలైన టూరింగ్ సైకిలుకి స్టీలు ఫ్రేము ఉంటుంది. సంచులకి మడమలు తగలకుండా వెనక చక్రాన్ని కాస్త దూరంగా పెడతారు. చక్రానికి 36 చువ్వలు, బాగా తేలిక గేర్లు, ముందూ వెనకా క్యారియర్లు. మన వైపు షాపుల్లో సిద్ధంగా దొరకడం అరుదు. ఇచ్ఛాపురం దాటి కోల్‌కతా దాకా పోదామనుకుంటే దీనికోసం వెతకండి. లేకపోతే మంచి హైబ్రిడ్‌కే క్యారియర్ బిగిస్తే పని జరుగుతుంది.

ఎంటీబీ చూడటానికి దిట్టంగా ఉంది. మా ఊరి గుంతల రోడ్డుకి అదే మంచిది కదండీ?

షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే, తర్వాత ఎక్కువగా గోడకి ఆనించి వదిలేసేదీ అదే. పది పదిహేను వేల సైకిలుకి ముందు పెట్టే షాకు ఓ మోస్తరు స్ప్రింగు తప్ప ఏమీ కాదు. ఒక్కటే రెండు కిలోల పైన తూగుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు లేచి తొక్కితే మీ బలంలో కొంత ఆ స్ప్రింగు నొక్కడానికే పోతుంది. గరుకు టైర్లు తారు మీద బుర్రుమని శబ్దం చేస్తూ పట్టి లాగుతాయి. ఒక గంట తొక్కేసరికి స్నేహితుడు హైబ్రిడ్ మీద ముందుకెళ్లిపోయుంటాడు, మీరు మీ ఒంట్లోనే ఓపిక లేదనుకుంటారు. లోపం ఒంట్లోది కాదు.

గుంతల్ని కాచుకునేది నిజానికి టైరులోని గాలి. 40 మిల్లీమీటర్ల టైరులో మీ బరువుకి తగ్గ గాలి ఉంటే పంచాయతీ రోడ్డు కుదుపులు చాలావరకు అదే మింగేస్తుంది. వెన్ను విషయానికొస్తే, గుంత రాగానే సీటు మీంచి కొంచెం లేచి మోచేతులు వదులు చేయడం నేర్చుకోండి. ఏ షాకూ దానికి సాటి రాదు.

ఎంటీబీ ఎవరికి? సీతంపేట కొండల్లో మట్టిదారులు పట్టుకుని తిరిగేవాళ్లకి, ఇసుక నేలల మీద రోజూ నడిపేవాళ్లకి. వాళ్లు కూడా కాస్త ఖర్చు పెట్టి, షాకుని బిగించేసే లాకు ఉన్నది తీసుకోవాలి. ఇప్పటికే ఎంటీబీ కొనేసి ఉంటే అమ్ముకోనక్కర్లేదు. గరుకు టైర్లు తీసి అదే రిమ్ముకి సరిపోయే నున్నటి టైర్లు వేయించండి. తక్కువ ఖర్చులో సగం సైకిలు మారినట్టే.

21 గేర్లు ఉంటే 8 గేర్ల కన్నా మంచిదేనా?

సంఖ్యలో ఏమీ లేదు. ముందు మూడు, వెనక ఏడు కలిపి 21 అంటారు. వాటిలో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. చూడాల్సింది రెండు కొసలు, ముఖ్యంగా తేలిక కొస.

లెక్క సులువే. పెడళ్ల దగ్గరున్న పళ్ల చక్రానికి ఎన్ని పళ్లో, దాన్ని వెనక పళ్ల చక్రం పళ్లతో భాగించండి. 700 సైజు చక్రం ఒక చుట్టుకి సుమారు 2.15 మీటర్లు నడుస్తుంది, దానితో హెచ్చవేయండి. ముందు 28 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకి సైకిలు 1.8 మీటర్లు కదులుతుంది. ముందు 34, వెనక 28 ఉన్న రోడ్ బైక్ అయితే 2.6 మీటర్లు. 44, 18 పళ్లతో గేర్లు లేని సైకిలు 5 మీటర్ల పైన. ఒకే చుట్టులో ఎక్కువ దూరం పోతే మంచిదేగా అనిపిస్తుంది. అంత దూరాన్ని కొండ మీదికి మీ మోకాళ్లే తోయాలి మరి.

శ్రీకాకుళం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం వైపు దాదాపు అంతా చదునే. అక్కడ ఏ గేరైనా చెల్లుతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కి అరకు పోవాలంటే మాత్రం సముద్రమట్టానికి 900 మీటర్ల పైకి ఎక్కాలి. వంపు తర్వాత వంపు వస్తూనే ఉంటుంది, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చదును తక్కువ. సంచులతో అయితే పెడలు చుట్టుకి 2 మీటర్ల లోపు కదిలే గేరు లేకుండా అటు బయల్దేరొద్దు. దిగి నడిపించడం తప్పు కాదు కానీ, అరవై కిలోమీటర్ల దారిలో అది సరదాగా ఉండదు.

మా నాన్నగారి పాత నల్ల సైకిలు అటక మీద ఉంది. అది పనికిరాదా?

భేషుగ్గా పనికొస్తుంది, చదునైన దారి ఉంటే. ఇరవై కిలోల దాకా బరువున్నా ఆ ఫ్రేములు మొండివి. దానికి 28, ఒకటిన్నర అంగుళాల టైరు పడుతుంది. ఆ టైరూ ట్యూబూ మారుమూల ఊళ్లో కూడా దొరుకుతాయి, కొత్త రకం సైకిళ్లకి లేని సుఖం ఇది. బాల్ రేసులు విప్పించి గోళీలు మార్పించి గ్రీజు పెట్టించండి, చైను కొత్తది వేయించండి, సీటు మీ ఎత్తుకి లేపించండి. ఫిట్‌నెస్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా చౌక దారి లేదు. మూడు నెలలు దీని మీద క్రమంగా తొక్కినవాళ్లు కొత్త సైకిలుకి డబ్బు పెడితే అది వృథా కాదని నా నమ్మకం.

దాని బలహీనత బ్రేకులు. వానలో స్టీలు రిమ్ము తడిస్తే కడ్డీ బ్రేకు జారిపోతుంది, ఆగడానికి చాలా దూరం పడుతుంది. ఘాటు రోడ్డు మీద దిగడానికి దీన్ని తీసుకెళ్లొద్దు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో, అదీ జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. ఆ పేరున్న సైకిలు ఇంట్లో ఉంటే పాత ఇనుముకి వేయకండి.

డిస్క్ బ్రేకులు తప్పనిసరా?

కాదు. అల్యూమినియం రిమ్ముకి మంచి వి-బ్రేకులు, అంటే రిమ్ముని రెండు వైపులా రబ్బర్లతో పట్టేవి, ఉంటే చాలు. రబ్బర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. వానల్లో, ఘాటుల్లో డిస్కు మేలన్నది నిజమే, రిమ్ము తడిసినా అది పట్టుకుంటుంది. తీగతో పనిచేసే డిస్కుని మన మెకానిక్కులు బాగుచేయగలరు. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కులో గాలి చేరితే దాన్ని తీయడానికి పరికరాలు, తెలిసిన చెయ్యి కావాలి. అందుకోసం విశాఖ దాకా పోవాల్సి రావచ్చు. టూరు మధ్యలో పార్వతీపురంలో అది చెడిపోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

సైజు ఎలా చూసుకోవాలి? షాపులో "అందరికీ ఇదే సరిపోతుంది" అంటున్నారు.

చక్రం సైజు వేరు, ఫ్రేము సైజు వేరు. షాపువాళ్లు చాలాసార్లు చక్రం సైజు చెప్పి సరిపెట్టేస్తారు. 27.5, 29 అనేవి చక్రాలు, మీ ఎత్తుకి కుదరాల్సింది ఫ్రేము. అడ్డకడ్డీ మీద రెండు కాళ్లూ చాచి నిలబడితే కడ్డీకి, మీకు మధ్య రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్ల సందు ఉండాలి. హ్యాండిల్ పట్టుకుంటే భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు.

సీటు ఎత్తుకి సులువైన పరీక్ష ఉంది. సీటు మీద కూర్చుని మడమని పెడలు మీద పెట్టి, పెడలుని అట్టడుగుకి తీసుకెళ్లండి. కాలు తిన్నగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే కావాల్సింది. లెక్క కావాలంటే కాలి లోపలి పొడవుని 0.883తో హెచ్చవేయండి. 78 సెంటీమీటర్లకి సుమారు 69 వస్తుంది. పెడళ్ల కడ్డీలు రెండూ ఏ ఇరుసు మీద తిరుగుతాయో దాని మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత దూరం. మనవాళ్లలో ఎక్కువమంది రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించుకుంటారు. "సైకిలు తొక్కితే మోకాళ్లు పోయాయి" అన్న ఫిర్యాదు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

నా బరువు 95 కిలోలు. సైకిలు ఆగుతుందా?

మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన ప్రాంతంలో బరువుకి సిగ్గుపడటం ఏమిటండీ! ఫ్రేముకి ఏమీ కాదు, చూసుకోవాల్సింది వెనక చక్రం. చువ్వలు 32 లేదా 36 ఉండాలి. టైరు 40 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. గేర్లున్న చౌక సైకిళ్లలో వెనక గేర్ల గుత్తిని ఫ్రీవీలుగా, చక్రం మధ్యలో ఉండే హబ్బు మీద మరతో బిగిస్తారు. దాంట్లో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, ఇరుసుకి ఆధారం లేని భాగం ఎక్కువవుతుంది. బరువు మీద గుంతల్లో పడితే వంగిపోతుంది. గేర్ల గుత్తి క్యాసెట్ రకమా ఫ్రీవీలు రకమా అని అడగండి. క్యాసెట్ అయితే నిశ్చింత. కొన్నాక నెల రోజులకి చువ్వలు ఒకసారి బిగింపు చూపించుకోండి, కొత్త చక్రాల్లో అవి సర్దుకుని వదులవుతాయి.

రోజూ ఎంత తొక్కితే ఫిట్‌నెస్ వస్తుంది? వేగం ఎంతుండాలి?

పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట నుంచి గంట. ఒక మోస్తరు అంటే తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగం మీటరు చూడకండి. గాలిని బట్టి, మిట్టని బట్టి అది మారిపోతుంది. పెడళ్లు నిమిషానికి 70 నుంచి 90 చుట్లు తిరిగేలా గేరు తేలిక చేసుకోండి. బరువు గేరు మీద ముక్కుతూ తొక్కితే కండలు వస్తాయని కుర్రాళ్ల నమ్మకం, ముందు వచ్చేది మోకాలి నొప్పి.

సుగర్‌కి ఇన్సులిన్ గానీ, సుగర్ దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున తొక్కితే సుగర్ బాగా పడిపోవచ్చు. డాక్టరుని అడిగి మొదలుపెట్టండి, జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో ఉంచుకోండి. గుండె జబ్బున్నవాళ్లకీ అదే మాట.

మాది ఉద్దానం. కిడ్నీ భయం ఉంది. సైకిలు తొక్కొచ్చా?

కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చే ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకుని డాక్టరుతో మాట్లాడండి. బాగుందన్నాక కూడా రెండు నియమాలు. ఒకటి, ఎండలో ఒంట్లో నీరు ఆరిపోయేదాకా తొక్కొద్దు. తెల్లారకముందే బయల్దేరి ఎండ ముదరకముందే ఇంటికి చేరండి. రెండోది చాలామందికి తెలియదు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుని తొక్కడం కిడ్నీలకి మంచిది కాదు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు మరీ చెడ్డది. మందుల షాపులో అడగ్గానే ఇస్తారు కదా అని తీసుకోకండి.

కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లు ఎంత నీరు తాగాలి, కొబ్బరినీళ్లు తాగొచ్చా అన్నది డాక్టరే చెప్పాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అందరికీ పడదు.

ఆడవాళ్లకి వేరే సైకిలు కావాలా?

పంజాబీ డ్రెస్సులో తొక్కేవాళ్లకి అడ్డకడ్డీ కిందికి వంగిన ఫ్రేము, చైను మూత సౌకర్యం. చున్నీ చక్రంలో పడకుండా నడుముకి ముడి వేసుకోవాలి. ట్రాక్ ప్యాంటుతో తొక్కేటట్టయితే ఫ్రేము రకం కన్నా సైజే ముఖ్యం. ఐదడుగులు, ఐదడుగుల రెండంగుళాల వాళ్లకి అన్నిటికన్నా చిన్న సైజు ఫ్రేము కావాలి. షాపులో లేకపోతే తెప్పించమనండి, ఉన్న మధ్య సైజుతో సర్దుకోవద్దు. సీటు మాత్రం ఆడవాళ్లకి కొంచెం వెడల్పుది నప్పుతుంది, విడిగా కొని మార్చుకోవచ్చు. మెత్తటి దూది సీటు షాపులో హాయిగా ఉంటుంది, గంట తర్వాత ఒరుసుకుంటుంది. గట్టి సీటు, లోపల మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు, ఈ జోడీ మేలు.

పంక్చర్ల గొడవ ఎలా తప్పించుకోవాలి?

పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉన్నంతకాలం పూర్తిగా తప్పదు. గాలి తక్కువగా ఉంటే ముల్లు ఎక్కడం ఒకటే కాదు, గుంత అంచుకి ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. 35 మిల్లీమీటర్ల టైరుకి మనిషి బరువుని బట్టి 50 నుంచి 70 పీఎస్ఐ గాలి ఉంచండి. వారానికోసారి చూసుకోండి.

కొనేటప్పుడే వాల్వు చూడండి. లావు వాల్వు అయితే మోటారు సైకిలుకి గాలి పట్టే చోటల్లా మీకూ పడతారు. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి తాళాల గుత్తికి తగిలించుకోండి. అది లేకుండా హైవే పక్కన గాలి షాపు ముందు నిలబడ్డా లాభం లేదు.

దూరం పోతే వెంట ఉండాల్సినవి ఇంతే: రెండు ట్యూబులు, ప్లాస్టిక్ టైరు లీవర్లు, చేతి పంపు, ప్యాచీలు, బోల్టులు బిగించే అల్లెన్ తాళాల సెట్టు. మీ టైరు సైజు ట్యూబు టెక్కలిలోనో బొబ్బిలిలోనో దొరుకుతుందన్న ధైర్యంతో బయల్దేరొద్దు.

టూరుకి సామాను ఎలా కట్టుకోవాలి?

వీపు మీద మాత్రం వద్దు. బ్యాగు వీపున వేసుకుంటే బరువంతా సీటు మీదికి, మెడ మీదికి వస్తుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది. వెనక క్యారియర్‌కి రెండు వైపులా సంచులు వేలాడదీయండి, రెండూ సమాన బరువు, బరువైన వస్తువులు అడుగున. రెండు మూడు రోజుల టూరుకి, బస లాడ్జీలోనో చుట్టాలింట్లోనో అయితే, ఆరేడు కిలోలు దాటకూడదు. దాటిందంటే రెండో జత ప్యాంటు తీసేయండి.

గాలి లెక్క కూడా కట్టుకోండి. వేసవి నుంచి సెప్టెంబరు దాకా మన తీరంలో ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు వస్తుంటే వెన్ను తడుతుంది, తిరుగు ప్రయాణంలో మొహం మీద కొడుతుంది. చలికాలంలో గాలి మళ్లి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఎదురుగాలిలో పదిహేను కిలోమీటర్ల వేగం కూడా ఎక్కువే అనిపిస్తుంది, అందుకని వెళ్లేటప్పటి హుషారు చూసి దూరం పెంచకండి. అక్టోబరు, నవంబరుల్లో బయల్దేరేముందు వాతావరణ శాఖ సమాచారం చూడటం తప్పనిసరి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

తిండికి దిగులు లేదు. చోడి అంబలి ఒక సీసా, అరటిపళ్లు, వేరుశనగ చెక్కీ చాలు. ఖరీదైన ఎనర్జీ జెల్‌ల మీద నాకు గురి లేదు.

కొత్తవాళ్లు ఏ దారిలో మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం వాళ్లకి అరసవల్లి మీదుగా శ్రీకూర్మం, అలవాటయ్యాక కళింగపట్నం లైట్‌హౌస్ దాకా. పాతిక ముప్పై కిలోమీటర్ల దారి, శాలిహుండం కొండ దగ్గర ఆగి బౌద్ధ స్తూపాలు చూసుకోవచ్చు. విజయనగరం వాళ్లకి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం. కాళ్లలో బలం వచ్చాక తాటిపూడి రిజర్వాయరు, ఆ పైన ఎస్.కోట. శ్రీముఖలింగం పోయి రావడం శ్రీకాకుళం నుంచి ఒక రోజు టూరుకి చక్కటి కొలత, రానూపోనూ తొంభై కిలోమీటర్ల పైనే.

16వ నంబరు జాతీయ రహదారి మీద తారు నున్నగా ఉంటుంది గానీ లారీల గాలికి సైకిలు ఊగుతుంది, రాంగ్ రూటులో బండ్లు ఎదురొస్తాయి. సర్వీసు రోడ్డు ఉన్న చోట అదే పట్టుకోండి. చీకట్లో తొక్కేటట్టయితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్ ఉండాలి. కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం, చోళ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగలు కళ్లకి ఇంపుగా ఉండే ఆ రాళ్లే తెల్లవారుజామున మనిషిని పడేస్తాయి.

ఎంత డబ్బు పెట్టాలి?

గేర్లు లేని మామూలు సైకిలు ఆరు నుంచి తొమ్మిది వేలు, పనికొచ్చే హైబ్రిడ్ పదిహేను నుంచి ముప్పై వేలు, రోడ్ బైక్ ముప్పై వేల పైన అనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు అడిగి తీసుకోండి. చేతిలో ఉన్నదంతా సైకిలుకే పెట్టకుండా హెల్మెట్, లైట్లు, పంపు, తాళం కోసం మూడు నాలుగు వేలు పక్కన ఉంచుకోండి. ముప్పై వేల సైకిలు, హెల్మెట్ లేని తల, ఈ బేరం నాకు నచ్చదు.

సెకండ్ హ్యాండ్ కొంటే ఏం చూడాలి?

ఫ్రేము అతుకుల దగ్గర గీతలు, పగుళ్లు. చక్రం ఎత్తి తిప్పితే అటూ ఇటూ ఊగడం. చైనుకి ఒక స్కేలు పెట్టండి. కొత్త చైనులో 12 జతల లింకుల పొడవు, మేకు మధ్య నుంచి మేకు మధ్యకి, సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు పెరిగితే వెనక గేర్ల పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

బ్యాటరీ సైకిలు?

వయసు పైబడినవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మంచిదే. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెడలు తొక్కితేనే సాయం చేసే రకం తీసుకోండి. యాక్సిలేటర్ తిప్పితే పోయే రకం కొన్నవాళ్లు పెడలు జోలికి వెళ్లరు.

బ్రెవెట్ అంటారు, గడువులోపు 200 కిలోమీటర్లు తొక్కడం. హైబ్రిడ్ మీద చేయగలమా?

చేయగలరు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల గడువు, అంటే ఆగేవి కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా చూసుకుంటుంది. 200 వరకు హైబ్రిడ్ బాగానే వస్తుంది. ఆ పైన తిన్నటి హ్యాండిల్ మీద అరచేతులు తిమ్మిరెక్కుతాయి, చేతులు మార్చుకునే వీలున్న వంపు హ్యాండిల్ విలువ అప్పుడు తెలుస్తుంది. హైబ్రిడ్ హ్యాండిల్ కొసలకి చిన్న కొమ్ములు బిగించుకుంటే సగం బాధ తీరుతుంది.

మాది బారువ. ఉప్పుగాలికి సైకిలు తుప్పు పట్టదా?

పడుతుంది. బీచికి వెళ్లొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, చైనుకి పల్చగా నూనె వేసి పైపైన తుడిచేయండి. ఇసుకలో తొక్కి వచ్చి కడగకుండా నూనె వేస్తే ఇసుకా నూనే కలిసి చైనుని అరగదీస్తాయి. ఇంజను పాత ఆయిలు వాడొద్దు. సీటు గొట్టానికి ఏడాదికోసారైనా గ్రీజు పూయండి, లేకపోతే ఫ్రేములోనే పట్టేస్తుంది.

టూరు ఒక వైపు తొక్కి, తిరుగు ప్రయాణం రైల్లో రావొచ్చా?

వీలుంటుంది. స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో సైకిలుని లగేజీగా బుక్ చేయాలి. శ్రీకాకుళం వాళ్ల స్టేషను ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు. ప్రతి రైలుకీ, ప్రతి స్టేషన్‌లోనూ పార్సిల్ ఎక్కించరు, కాబట్టి ముందు రోజే వెళ్లి కనుక్కోండి. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, పెడళ్లు విప్పి సంచిలో వేసుకోండి, వెనక గేరు మార్చే పరికరానికి అట్ట చుట్టండి, పేరూ ఫోను నంబరూ రాసి ఫ్రేముకి కట్టండి. పెడళ్లు విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది, మామూలుగా విప్పే వైపు కాకుండా ఎదురు వైపుకి తిప్పాలి.